స్నూకర్ సీజన్ మొత్తానికీ క్రీడాపేజీలో చోటివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం. తెలుగు దినపత్రికల క్రీడాపేజీల్లో స్నూకర్ ఏడాదికి రెండు మూడు సార్లకు మించి కనబడదు. మే మొదటి వారంలో షెఫీల్డ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ముగిసినప్పుడు ఒక చిన్న వార్త, పంకజ్ అద్వానీ ఖాతాలో ఇంకో టైటిల్ చేరినప్పుడు ఫొటోతో ఒక వార్త. అంతే. ఎండాకాలం చివర్లో మొదలై మళ్లీ మే దాకా సాగే ప్రొఫెషనల్ సీజన్ మిగతాదంతా పాఠకుడికి తెలియకుండానే గడిచిపోతోంది. పేజీలో చోటు తక్కువన్న సంగతి తెలుసు. బాధ చోటు గురించి మాత్రమే కాదు, ఇచ్చిన ఆ కాస్త చోటులోనూ ఏటా అవే తప్పులు వస్తున్నాయి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ పార్లర్లలో రోజూ క్యూ కర్ర పట్టే పిల్లలు ఆ వార్తలు చదివి తప్పుడు లెక్కలు నేర్చుకుంటున్నారు.

మొదటి తప్పు రెండు వేర్వేరు వ్యవస్థల్ని కలిపేయడం. అద్వానీ ఐబీఎస్ఎఫ్ (అంతర్జాతీయ బిలియర్డ్స్, స్నూకర్ సమాఖ్య) పోటీల్లో 2024 చివరికి 28 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. 28వది 2024 నవంబరులో దోహాలో, అదీ బిలియర్డ్స్‌లో. అవి బిలియర్డ్స్, స్నూకర్ రెండింటిలోనూ, రకరకాల ఫార్మాట్లలో గెలిచినవి. క్యూ క్రీడల్లో మన దేశం నుంచి అంతటి ఆటగాడు లేడు, ఆ గౌరవానికి వంక పెట్టేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఐబీఎస్ఎఫ్ స్నూకర్ పోటీ అమెచ్యూర్లది. షెఫీల్డ్ క్రూసిబుల్ థియేటర్‌లో 1977 నుంచి జరుగుతున్నది ప్రొఫెషనల్ ప్రపంచ చాంపియన్‌షిప్. దాని నిర్వహణ వేరు, ర్యాంకింగ్ వేరు, ఆడేవాళ్లు వేరు. అద్వానీ 2012-13, 2013-14 సీజన్లలో ప్రొఫెషనల్ టూర్‌లో ఆడి, తర్వాత కార్డు, అంటే టూర్‌లో ఆడే హక్కు, వదులుకుని వచ్చేశాడు. ఈ తేడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. చెప్పకపోవడం వల్ల "మనవాడు ఇన్నిసార్లు ప్రపంచ విజేత అయితే షెఫీల్డ్‌లో ఎందుకు కనబడడు?" అని పిల్లలు అడుగుతుంటారు.

రెండోది ఇంకా తరచుగా జరిగేది. సెషన్ స్కోరును ఫలితంగా రాసేయడం. క్రూసిబుల్ ఫైనల్ 35 ఫ్రేముల (ఫ్రేము అంటే మ్యాచ్‌లో ఒక్కో ఆట) మ్యాచ్, ముందుగా 18 గెలిచినవాళ్లు విజేత. అది రెండు రోజుల్లో, నాలుగు సెషన్లుగా సాగుతుంది: 8 ఫ్రేములు, తర్వాత 9, మళ్లీ 8, చివరికి అవసరమైతే 10. సెమీఫైనల్ 33 ఫ్రేములది, అదీ నాలుగు సెషన్లే. మొదటి రౌండ్ 19 ఫ్రేములకు రెండు సెషన్లు, రెండో రౌండ్, క్వార్టర్స్ 25 ఫ్రేములకు మూడు సెషన్లు. 2025 ఫైనల్ తీసుకోండి. మొదటి రోజు ఆట ముగిసేసరికి జావో షింటాంగ్ 11-6తో మార్క్ విలియమ్స్‌పై ఆధిక్యంలో ఉన్నాడు. మూడో సెషన్ తర్వాత 17-8. ఇంకొక్క ఫ్రేము చాలు. కానీ ఆ రాత్రి విలియమ్స్ వరసగా నాలుగు ఫ్రేములు లాగి 17-12 చేశాడు, ఆ తర్వాతే 18-12తో ముగిసింది. 17-8 దగ్గర ఆగిపోయిన వార్త చదివినవాడికి 50 ఏళ్ల వయసులో విలియమ్స్ చేసిన ఆ పోరాటం తెలియనే తెలియదు. టెస్టు మ్యాచ్‌లో టీ విరామం స్కోరును ఫలితంగా అచ్చేస్తే క్రికెట్ పాఠకుడు ఊరుకుంటాడా?

దీనికి కారణం గడియారం. షెఫీల్డ్‌లో సెషన్లు ఉదయం 10కి, మధ్యాహ్నం 2.30కి, రాత్రి 7కి. ఏప్రిల్, మే నెలల్లో వాళ్లకంటే మనం నాలుగున్నర గంటలు ముందు. అంటే రాత్రి సెషన్ మనకు 11.30కి మొదలవుతుంది, జిల్లా ఎడిషన్లు అప్పటికే అచ్చుకు వెళ్లిపోతుంటాయి. శీతాకాలంలో తేడా అయిదున్నర గంటలు. యార్క్‌లో జరిగే యూకే చాంపియన్‌షిప్, లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే మాస్టర్స్ రాత్రి సెషన్లు మనకు అర్ధరాత్రి దాటి 12.30కి. అందుకని రాత్రి మ్యాచ్‌ల సంగతి మర్నాడు కాక ఎల్లుండి పేపర్లో వచ్చినా తప్పులేదు, "ఆట కొనసాగుతోంది" అన్న ముక్క ఉంటే చాలు. చైనా టోర్నీలకు ఈ ఇబ్బంది లేదు. వాళ్లు మనకంటే రెండున్నర గంటలు ముందు, అక్కడ రాత్రి 7.30 సెషన్ మనకు సాయంత్రం 5కే మొదలవుతుంది. షియాన్, వుహాన్, నాన్‌జింగ్ ఫైనల్స్ ఫలితాలు మీ మొదటి ఎడిషన్‌కే అందుతాయి. అయినా అవే ఎక్కువగా కనబడకపోవడం విచిత్రం.

అన్నిటికంటే పెద్ద లోటు ర్యాంకింగ్ గురించి. స్నూకర్ ర్యాంకింగ్ తెలియకుండా సీజన్ అర్థం కాదు, ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

2014-15 సీజన్ నుంచి ర్యాంకింగ్ పూర్తిగా ప్రైజ్‌మనీ మీదే నడుస్తోంది. ఒక పౌండు అంటే ఒక పాయింటు. లెక్కలోకి వచ్చేది గడిచిన రెండేళ్ల సొమ్ము. ఈ ఏడాది ఒక టోర్నీ ముగియగానే రెండేళ్ల కిందట అదే టోర్నీలో సంపాదించిన మొత్తం జాబితాలోంచి జారిపోతుంది. కాబట్టి ఒక ఆటగాడు ఈ వారం గెలిచినా, రెండేళ్ల కిందట అదే చోట అంతకంటే ఎక్కువ సంపాదించి ఉంటే కిందికే దిగుతాడు. పేపర్లో "గెలిచాడు, కానీ ర్యాంకు పడిపోయింది" అని వస్తే పాఠకుడికి అయోమయం. కారణం ఇది.

ప్రపంచ చాంపియన్‌షిప్ విజేతకు 5 లక్షల పౌండ్లు. రన్నరప్‌కు 2 లక్షలు, సెమీస్‌లో ఓడినవారికి లక్ష, క్వార్టర్స్‌లో 50 వేలు. యూకే చాంపియన్‌షిప్ విజేతకు రెండున్నర లక్షలు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో జరిగే నాలుగు హోమ్ నేషన్స్ టోర్నీల్లో గెలిస్తే 2024-25లో లక్ష చొప్పున. అంటే క్రూసిబుల్‌లో ఒక్క గెలుపు అయిదు హోమ్ నేషన్స్ టైటిళ్లతో సమానం. జావో సంగతే చూడండి. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో 20 నెలల నిషేధం అనుభవించి, 2024 సెప్టెంబరులో అమెచ్యూర్‌గా తిరిగొచ్చాడు. ర్యాంకింగ్‌లో అతని పేరే లేదు. నాలుగు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు, క్రూసిబుల్‌లో అయిదు మ్యాచ్‌లు, మొత్తం తొమ్మిది గెలిచి టైటిల్ అందుకున్నాడు. ఆ ఒక్క 5 లక్షలతో నేరుగా 11వ ర్యాంకుకు చేరాడు. ఇలా కూడా జరగొచ్చు కాబట్టే ఈ పద్ధతి మీద టూర్‌లో వాదన ఆగదు. మా అభిప్రాయంలో ఒక టోర్నీ బరువు ఇంత ఎక్కువ ఉండడం ఏడాది పొడుగునా నిలకడగా ఆడేవాడికి అన్యాయమే. కానీ రూలు ఇది, వార్త రాసేటప్పుడు రూలు తెలిసి రాయాలి.

దీనికి రెండో వైపు కైరన్ విల్సన్. 2024లో జాక్ జోన్స్‌పై 18-14తో ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2025లో మొదటి రౌండ్‌లోనే కొత్త కుర్రాడు లే పెయ్‌ఫాన్ చేతిలో 9-10తో ఓడిపోయాడు. అయినా అతని ర్యాంకు కుప్పకూలలేదు, ఎందుకంటే 2024 నాటి 5 లక్షలు 2026 ప్రపంచ చాంపియన్‌షిప్ దాకా జాబితాలోనే ఉన్నాయి. చాంపియన్ మొదటి రౌండ్‌లో ఓడితే ఆ దెబ్బ ఆ రోజు తగలదు, మరుసటి ఏడాది పాత సొమ్ము జారిపోయే రోజున తగులుతుంది.

ఇక ర్యాంకింగ్‌లో చేరని టోర్నీలు. మాస్టర్స్‌కు ర్యాంకులో మొదటి 16 మందినే పిలుస్తారు, ఆ డబ్బు ర్యాంకింగ్‌లోకి రాదు. 2025 జనవరిలో షాన్ మర్ఫీ 10-7తో విల్సన్‌ను ఓడించి మాస్టర్స్ గెలిచాడు, మూడున్నర లక్షల పౌండ్లు అందుకున్నాడు. ర్యాంకింగ్‌లో అతనికి కలిసింది సున్నా. చాంపియన్ ఆఫ్ చాంపియన్స్, షాంఘై మాస్టర్స్ కూడా ఇంతే. ప్రపంచ చాంపియన్‌షిప్, యూకే, మాస్టర్స్ మూడూ కలిపి ట్రిపుల్ క్రౌన్ అంటారు గనుక మూడింటికీ ర్యాంకింగ్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒక్క పదం, "ఆహ్వాన టోర్నీ" అని రాస్తే ఆ అపోహ పోతుంది.

సీజన్ నడక మాటకొస్తే, మొదట లెస్టర్‌లో చాంపియన్‌షిప్ లీగ్. 32 గ్రూపులు, గ్రూపుకు నలుగురు, మ్యాచ్‌కు నాలుగు ఫ్రేములు, 2-2 డ్రా కూడా కుదురుతుంది. తర్వాత చైనా టోర్నీలు, సౌదీ మాస్టర్స్, హోమ్ నేషన్స్ కలగలిసి వస్తాయి. 2024లో మొదలైన సౌదీ మాస్టర్స్ విజేతకు ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌తో సమానంగా 5 లక్షలు ఇచ్చారు. మొదటిసారి అది గెలిచిన జడ్ ట్రంప్, అదే సీజన్‌లో యూకే ఫైనల్లో బ్యారీ హాకిన్స్‌ను 10-8తో ఓడించాడు. నవంబరు చివర్లో యూకే, జనవరిలో మాస్టర్స్. ఆపైన వరల్డ్ గ్రాండ్ ప్రీ 32 మందికి, ప్లేయర్స్ చాంపియన్‌షిప్ 16 మందికి, టూర్ చాంపియన్‌షిప్ 12 మందికి. ఈ మూడింటికి రెండేళ్ల జాబితా కాదు, ఆ ఒక్క సీజన్ సొమ్ము చూస్తారు. ఇక్కడే రిపోర్టర్లు ఎక్కువగా తడబడతారు. ప్రపంచ ర్యాంకులో మూడోవాడు టూర్ చాంపియన్‌షిప్‌లో లేడంటే గాయమో నిషేధమో అనుకుంటారు. ఆ ఏడాది సరిగా ఆడలేదు, అంతే.

మొదటి 16 ర్యాంకులకు మార్చి నెలలో విలువ పెరిగిపోతుంది. క్రూసిబుల్‌కు నేరుగా వెళ్లేది వాళ్లే. 17వ ర్యాంకువాడు క్వాలిఫయింగ్ ఆడాలి. మొత్తం 144 మందిలో కింది ర్యాంకులవాళ్లు మొదటి రౌండ్ నుంచి, 49 నుంచి 80 దాకా రెండో రౌండ్ నుంచి, 17 నుంచి 48 దాకా మూడో రౌండ్ నుంచి దిగుతారు. ప్రతిదీ 19 ఫ్రేముల మ్యాచ్. క్వాలిఫయింగ్ మొదటి రౌండ్ ఓడినవాడికి ఒక్క పౌండు కూడా రాదు. అది గెలిచి రెండోది ఓడితే 5 వేలు. క్రూసిబుల్ మొదటి రౌండ్‌లో ఓడినా 20 వేలు. ఆ చివరి రెండు రోజుల క్వాలిఫయింగ్‌లో ఉండే ఉత్కంఠ అసలు టోర్నీలో చాలా మ్యాచ్‌లకు ఉండదు, ఎందుకంటే టూర్ కార్డులు తేలేదీ అప్పుడే. ప్రపంచ చాంపియన్‌షిప్ ముగిశాక ర్యాంకులో మొదటి 64 మందికి కార్డు నిలుస్తుంది. కొత్తగా కార్డు అందుకున్నవారికి రెండేళ్ల గడువు. ఆ గడువు తీరి 65లో ఉన్నవాడు చాలాసార్లు మళ్లీ క్యూ స్కూల్‌కు, అంటే కార్డు కోసం పెట్టే అర్హత పోటీలకు, వెళ్లాల్సి వస్తుంది. క్యూ స్కూల్‌లో ఏడు ఫ్రేముల మ్యాచ్‌లు, ప్రైజ్‌మనీ లేదు, పైగా ప్రవేశ రుసుము కట్టాలి. ఆసియా, ఓషియానియావాళ్లకు బ్యాంకాక్‌లో విడిగా పెడుతున్నారు. ముంబైకి చెందిన ఇష్‌ప్రీత్ సింగ్ చడ్డా ఆ దారినే టూర్‌లోకి వెళ్లాడు. మన పార్లర్లలో ఆడే పిల్లలకు అందుబాటులో ఉన్న దారి అదే, దాని ప్రకటన ఒక్క తెలుగు పేపర్లోనూ రాదు.

మ్యాచ్ ఎన్ని ఫ్రేములదో ప్రతి వార్తలో రాయమని ఇంతగా అడగడానికి కారణముంది. హోమ్ నేషన్స్ తొలి రౌండ్లు ఏడు ఫ్రేములవి, నాలుగు గెలిస్తే మ్యాచ్ మీదే. ఎదుటివాడు రెండు సెంచరీలు (ఒకే విడతలో వందకు పైగా పాయింట్లు) కొడితే ఎంతటి ఆటగాడైనా కుర్చీలో కూర్చోవడమే. అదే 25 ఫ్రేముల మ్యాచ్‌లో మొదటి సెషన్ పోయినా సర్దుకునే వీలుంటుంది. "అగ్రశ్రేణి ఆటగాడికి షాక్" అనే శీర్షిక రెండింటికీ ఒకేలా వాడడం సరికాదు. ఇక షూటవుట్ అనే టోర్నీ ఉంది, మ్యాచ్ అంటే ఒక్కటే ఫ్రేము, పది నిమిషాలు. మొదటి అయిదు నిమిషాల్లో షాట్‌కు 15 సెకన్లు, తర్వాత 10 సెకన్లు. 2017 నుంచి దానికీ ర్యాంకింగ్ హోదా ఇచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

మన రాష్ట్రాలకు ఈ సీజన్‌తో నేరుగా ముడి ఉందన్న సంగతి చాలామంది మరచిపోయారు. ఇండియన్ ఓపెన్ ర్యాంకింగ్ టోర్నీ 2013లో ఢిల్లీలో మొదలైంది. ఆ ఫైనల్లో మన ఆదిత్య మెహతా డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడాడు. 2015లో ముంబైలో జరిగింది. 2016 జులైలో హైదరాబాద్‌కు వచ్చింది, ఆంథొనీ మెక్‌గిల్ 5-2తో కైరన్ విల్సన్‌ను ఓడించి 50 వేల పౌండ్లు గెలిచాడు. 2017 సెప్టెంబరులో విశాఖపట్నంలో జాన్ హిగిన్స్ 5-1తో అదే మెక్‌గిల్‌ను ఓడించాడు. చివరిది 2019లో కొచ్చిలో, విజేత మాథ్యూ సెల్ట్. ఆ తర్వాత మన దేశంలో ర్యాంకింగ్ టోర్నీ లేదు. ఎనిమిదేళ్ల తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన విల్సన్ హైదరాబాద్‌లో ఫైనల్ ఆడి వెళ్లాడు. ఆ టోర్నీ మళ్లీ ఎందుకు రావడం లేదో క్రీడాశాఖనూ సమాఖ్యనూ అడిగే పని పత్రికదే. మనం అడగం, వాళ్లు చెప్పరు.

విశాఖలాంటి తీర ప్రాంతంలో ఈ ఆటకు బల్లను సిద్ధం చేయడమే పెద్ద పని. పన్నెండడుగుల బల్ల, పలక రాయి మీద ఉన్ని గుడ్డ. ఆ గుడ్డకు నూగు ఉంటుంది, అది బాక్ (ఆట మొదలుపెట్టే చివర) వైపు నుంచి నల్ల బంతి వైపు వాలి ఉంటుంది. ప్రొఫెషనల్ బల్లల్లో రాయి కింద హీటర్లు పెడతారు, గుడ్డ పొడిగా ఉండడానికి. సెషన్‌కు ముందు బ్రష్‌ను బాక్ నుంచి నల్ల బంతి చివర వరకు ఒకే దిశలో లాగుతారు, తర్వాత ఇస్త్రీ పెట్టె అదే దిశలో, మధ్యలో ఆపకుండా. పెట్టెను ముందు తెల్ల కాగితం మీద పెట్టి చూస్తారు, కాగితం రంగు మారితే గుడ్డ కాలుతుంది. మన పార్లర్లలో బ్రష్ ముందుకీ వెనక్కీ రుద్దుతారు, నూగు చచ్చిపోతుంది. రాత్రి ఏసీ ఆపేస్తారు, తెల్లారేసరికి గుడ్డ తేమ పీల్చి బరువెక్కుతుంది. కుషన్లు మందగిస్తాయి, నెమ్మదిగా కొట్టిన బంతి గీత తప్పి పక్కకు పోతుంది. ఆ బల్ల మీద నేర్చుకున్న పిల్లవాడు బలంగా కొట్టడానికే అలవాటు పడతాడు, జాతీయ పోటీల్లో వేగమైన గుడ్డ మీద తెల్ల బంతి వాడి అదుపులో ఉండదు. టోర్నీ మన ఊరికొస్తే అలాంటి బల్ల ఎలా ఉంటుందో కళ్లారా చూస్తారు, పార్లర్ల యజమానులూ నేర్చుకుంటారు. విశాఖ టోర్నీ అప్పుడు ఈ సంగతులు రాసి ఉంటే ఎంత బాగుండేది!

మీ పత్రికను అడిగేది వారానికి పది లైన్లు. సోమవారం క్రీడాపేజీలో టోర్నీ పేరు, ఊరు, ర్యాంకింగా ఆహ్వానమా, మ్యాచ్ ఎన్ని ఫ్రేములది, ఆట ముగిసిందా సాగుతోందా, వచ్చేవారం ఏముంది. ఉదాహరణకు 2024 యూకే ఫైనల్‌ను ఇలా రాయొచ్చు: "యూకే చాంపియన్‌షిప్, యార్క్, ర్యాంకింగ్ టోర్నీ. 19 ఫ్రేముల ఫైనల్లో జడ్ ట్రంప్ 10-8తో బ్యారీ హాకిన్స్‌పై గెలుపు. విజేతకు రెండున్నర లక్షల పౌండ్లు, అంతే ర్యాంకింగ్ పాయింట్లు." దీనికి ఫొటో కూడా అక్కర్లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్ అప్పుడు మాత్రం ఏప్రిల్ మొదట్లో క్వాలిఫయింగ్ మొదలైన రోజు నుంచే వేయండి, భారత ఆటగాళ్ల ఆట సాధారణంగా అక్కడే ఉంటుంది. క్యూ స్కూల్ దరఖాస్తుల గడువు ప్రకటన వెలువడిన వెంటనే ఒక చిన్న పెట్టెలో వేయండి.

ఇట్లు,
ఒక స్నూకర్ శిక్షకుడు,
విశాఖపట్నం